బొద్దుగా ఉన్నాడని అందరూ మురిసిపోయిన ఐదు నెలల బాబు: ఆరేళ్ళ ఫాలోఅప్‌తో ఒక కేసు

ఈ కేసు రాయాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నా. ఇప్పుడు ఆరేళ్ళ ఫాలోఅప్ ఉంది కాబట్టి రాస్తే పనికొస్తుంది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నా, పేర్లు ఊర్లు పెట్టట్లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. నేను నల్గొండ వైపు ఒక చిన్న టౌన్‌లో పిల్లల డాక్టర్‌ని, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల నుంచే వస్తారు.

బాబుకి ఐదు నెలలు. రెండ్రోజులుగా జ్వరం, దగ్గు. వాళ్ళమ్మ, నానమ్మ ఇద్దరూ వచ్చారు. వెయిటింగ్‌లో కూర్చున్న వాళ్ళంతా వాడి బుగ్గలు గిల్లుతున్నారు, మా సిస్టర్ కూడా "ఎంత ముద్దుగున్నడు మేడం" అంటూనే బరువు చూసింది, 8.7 కిలోలు. నానమ్మ మొహం వెలిగిపోతోంది. "మా ఊర్ల ఇంత బొద్దుగున్న పిల్లగాడు లేడు మేడం, అందరు ఏం పెడుతున్నవ్ అని అడుగుతరు" అంది. పుట్టినప్పుడు 2.8 కిలోలే, నెలలు నిండి నార్మల్ డెలివరీ. మన దగ్గర పిల్లలు రెండున్నర, రెండుంముప్పావు కిలోలతో పుట్టడం మామూలు కాబట్టి ఒళ్ళు చేస్తే ఇంట్లో అందరికీ ఎంత ధైర్యంగా ఉంటుందో నాకు తెలుసు.

ఛాతీ వినడానికి చొక్కా తీస్తే వీపు మీద, భుజాల మీద సన్నటి నూగు వెంట్రుకలు కనిపించాయి. నుదుటి మీద కూడా ఉన్నాయి. బుగ్గలు ఎర్రగా, చర్మం లాగి కట్టినట్టు ఉన్నాయి కానీ కాళ్ళూ చేతులూ ఆ లెక్కలో లావు లేవు, ఒళ్ళంతా మొహంలో, మెడ వెనకాల, పొట్టలోనే ఉంది. పొడవు కొలవమన్నాను. 60 సెంటీమీటర్లు. మళ్ళీ కొలిపించాను, అంతే.

అదృష్టం ఏంటంటే పది వారాల టీకాకి వీళ్ళు మా దగ్గరికే వచ్చారు, ఆరోజు కొలతలు కార్డులో ఉన్నాయి. అప్పుడు బరువు 5.2 కిలోలు, పొడవు 57.5. అంటే ఆ రెండున్నర నెలల్లో బరువు మూడున్నర కిలోలు పెరిగింది, మామూలుగా అయితే కిలోన్నర, కిలోంముప్పావు పెరగాలి. పొడవు మాత్రం ఆరు సెంటీమీటర్ల దాకా రావాల్సింది రెండున్నరే వచ్చింది. ఈ రెండు గీతలు ఇలా విడిపోవడం చాలా పెద్ద సంగతి. పాలు ఎక్కువ తాగి లావైన పిల్లలు పొడవు కూడా బాగానే పెరుగుతారు, బరువు పైకి పోతూ పొడవు ఆగిపోయిందంటే మాత్రం ఏదో హార్మోన్ తేడా ఉందని మొదట అనుమానించాలి. బీపీ మూడుసార్లు చూశాం, చిన్న పిల్లల కఫ్‌తోనే, 124/82. ఐదు నెలల బాబుకి అది చాలా ఎక్కువ.

డైపర్ విప్పి చూశాక అర్థమైంది. తొడల సందుల్లో చర్మం పల్చగా, మెరుస్తూ, లోపలి రక్తనాళాలు కనపడుతున్నాయి. "ఇక్కడ ఏం పూస్తున్నారమ్మా" అని అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నానమ్మ సంచిలోంచి ట్యూబ్ తీసింది. క్లోబెటసాల్ 0.05 శాతం, దాంట్లోనే ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన క్రీమ్. మూడో నెలలో డైపర్ కట్టే చోట ఒరిసి ఎర్రగా అయితే ఊళ్ళో మెడికల్ షాపులో అడిగారు, ఇది ఇచ్చారు. "పెడితే పూటలో తగ్గుతది, ఆపితే మళ్ళ ఎర్రగైతది, అందుకే డైపర్ మార్చినప్పుడల్లా రాస్తున్న" అంది నానమ్మ. ఆరు ట్యూబులు అయిపోయాయి, ఒక్కోటి 30 గ్రాములు. డెబ్బై ఐదు రోజుల లెక్క వేసుకుంటే రోజుకి దాదాపు రెండున్నర గ్రాములు.

ఆ లెక్క ఎందుకు వేశానంటే, క్లోబెటసాల్ మనం చర్మానికి వాడే స్టెరాయిడ్లలో అన్నిటికంటే బలమైన తరగతిలోది. రోజుకి 2 గ్రాములు పూసినా ఒంట్లో సొంత స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి పని అణగిపోవచ్చని, పన్నెండేళ్ళలోపు పిల్లలకి వాడొద్దని, పెద్దవాళ్ళకైనా రెండు వారాలు దాటొద్దని అమెరికాలో ఆ మందు లేబుల్ మీదే ఉంటుంది. ఇక్కడ పూసింది తొమ్మిది కిలోలు కూడా లేని బాబుకి. పసిపిల్లల్లో బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ, పైన డైపర్ ప్లాస్టిక్ చుట్టినట్టు మూసేసి ఉంటుంది, చర్మం ఒరిసిపోయి ఉంటుంది, కాబట్టి మందు తిన్నగా రక్తంలోకి పోతుంది. మన దేశంలో 2018 లో ఇలాంటి పూత స్టెరాయిడ్లని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ కిందకి తెచ్చారు, చర్మ డాక్టర్ల సంఘం వాళ్ళు ఎన్నో ఏళ్ళు దీని మీద పోరాడారు, అయినా పల్లెల్లో సబ్బు అడిగినట్టు అడిగితే దొరుకుతూనే ఉంది.

అడ్మిట్ చేసి పొద్దున ఎనిమిదింటికి రక్తం తీశాం. కార్టిసాల్, అంటే అడ్రినల్ చేసే సొంత స్టెరాయిడ్ హార్మోన్, 0.6, చాలా తక్కువ. దాన్ని చెయ్యమని మెదడు నుంచి వచ్చే హార్మోన్ ఏసీటీహెచ్ దాదాపు లేనట్టే. ఈ రిపోర్ట్ చూసి మా జూనియర్ తికమకపడింది. కార్టిసాల్ ఎక్కువైతే వచ్చే కుషింగ్ లక్షణాలన్నీ బాబు ఒంటి మీద ఉన్నాయి, రక్తంలో చూస్తే కార్టిసాల్ లేదు, ల్యాబ్ తప్పేమో అని అడిగింది. తప్పు కాదు, ఈ జబ్బు గుర్తే అది. ఒంట్లో పనిచేస్తున్నది బయటినుంచి వచ్చిన స్టెరాయిడ్, టెస్టులో అది కనపడదు, బాబు సొంత గ్రంథి మాత్రం పని మానేసింది. ట్యూమర్ ఏదీ లేదని నిర్ధారణకి అడ్రినల్ స్కాన్ కూడా చేయించాం, నార్మల్.

వాళ్ళమ్మకి నేను చెప్పినట్టే ఇక్కడా చెప్తా. ఇంటి మీద ట్యాంకు ఉంది, బోరు మోటారుకి ఆటోమేటిక్ పెట్టారు అనుకోండి. నీళ్ళు తగ్గితే మోటారు ఆన్ అవుతుంది, నిండితే ఆగుతుంది. మెదడులో హైపోథలామస్, దాని కింద పిట్యూటరీ ఆ ఆటోమేటిక్ స్విచ్ లాంటివి, కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు మోటారు, కార్టిసాల్ నీళ్ళు. ఇప్పుడు ఎవరో రోజూ ట్యాంకర్ తెచ్చి పైనుంచి నీళ్ళు పోస్తున్నారు. ట్యాంకు పొర్లుతోంది, గోడలు నానిపోతున్నాయి, మోటారుకి అసలు పనే లేదు. నెలల తరబడి నడవని మోటారు ఏమవుతుంది? పట్టేస్తుంది. అందుకే ట్యాంకర్‌ని ఒక్కసారిగా ఆపేస్తే ఇంట్లో చుక్క నీళ్ళుండవు. కార్టిసాల్‌ని స్ట్రెస్ హార్మోన్ అంటాం కదా, జ్వరమో విరేచనాలో వచ్చినప్పుడు బీపీని, షుగర్‌ని నిలబెట్టేది అదే. క్రీమ్ ఆపాక అసలు ప్రమాదం ఆ టైమ్‌లో ఉంటుంది.

కాబట్టి క్రీమ్ ఆపి, చర్మానికి జింక్ ఆక్సైడ్, ఫంగస్ మందు మాత్రమే ఇచ్చి, నోటి ద్వారా హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టాం, ఒంటి విస్తీర్ణం లెక్కన చదరపు మీటరుకి రోజుకి 10 మిల్లీగ్రాములు. మాత్రని పొడి చేసి చిన్న చిన్న పొట్లాలు కట్టించాం. జ్వరం వస్తే డోసు మూడింతలు చెయ్యాలి, వాంతులైతే ఇంజెక్షన్ వెయ్యాలి అని తెలుగులో పెద్ద అక్షరాలతో కార్డు రాసిచ్చి, దగ్గర్లోని పీహెచ్‌సీ సిస్టర్‌కి ఫోన్ చేసి చెప్పి, ఆ ఇంజెక్షన్ వయల్స్ రెండు ఇంట్లో పెట్టించాను. బీపీకి ఆమ్లోడిపిన్.

వార్డులో మందులకంటే కష్టమైంది ఇంట్లో గొడవ. బాబు వాళ్ళ నాన్న హైదరాబాద్‌లో డ్రైవర్, సంగతి తెలిసి వచ్చి వాళ్ళమ్మ మీద అరిచాడు, "నువ్వే ఇట్ల జేసినవ్" అని. ఆమె మూడ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నేను అందర్నీ కూర్చోబెట్టి ట్యూబ్ చేతిలో పట్టుకుని చెప్పాను, దీని మీద ఉన్నవన్నీ ఇంగ్లిష్ అక్షరాలు, అదీ చీమ తలకాయంత, అమ్మిన మనిషి పసిపిల్లకి వద్దని చెప్పలేదు, నానమ్మ పిల్లాడు ఏడుస్తుంటే చూడలేక రాసింది అని. ఆ తర్వాత మందు పొట్లాలు ఎవరిస్తారు అని అడిగితే వాళ్ళమ్మే "మా అత్తమ్మనే ఇస్తది మేడం, ఆమెకు టైం మంచిగ గుర్తుంటది" అంది. ఆ మాటతో నాకు సగం భారం దిగింది.

ఐదు వారాల తర్వాత ఒక రాత్రి వాంతులు, విరేచనాలు. బాబు మత్తుగా పడిపోయాడు. కార్డు ఫోన్ కవర్‌లో పెట్టుకుని తిరుగుతోంది వాళ్ళమ్మ. పీహెచ్‌సీలో సిస్టర్ ముందు హైడ్రోకార్టిసోన్ 25 మిల్లీగ్రాములు కండకి ఇచ్చి, ఆ తర్వాతే 108 ఎక్కించింది. మా దగ్గరికి వచ్చేసరికి షుగర్ 42, గ్లూకోజ్ ఎక్కించాక గంటలో కళ్ళు తెరిచాడు. ఆ ఇంజెక్షన్ పడకుండా నలభై కిలోమీటర్లు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి కూడా ఇష్టం లేదు నాకు.

మిగతాది నెమ్మదిగా సర్దుకుంది. బీపీ మందు పది వారాలకి ఆపేశాం. నూగు వెంట్రుకలు రాలిపోయాయి, బుగ్గలు తగ్గాయి, ఊళ్ళో అందరూ "పిల్లగాడు చిక్కిపోయిండు" అని నానమ్మని పీక్కుతిన్నారంట. ఆమె మాత్రం గోడ మీద పెన్సిల్ గీతలు చూపించేది, పొడవు పెరుగుతోందని. హైడ్రోకార్టిసోన్ కొంచెం కొంచెం తగ్గిస్తూ తొమ్మిది నెలల వయసులో పొద్దుటి కార్టిసాల్ 9.8 వచ్చాక ఏసీటీహెచ్ స్టిమ్యులేషన్ టెస్ట్ చేసి, గ్రంథి బాగా స్పందించిందని చూసి ఆపాం. ఏడాదిన్నరకి పొడవు 79.5.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఈ కేసు రాసేదాన్ని కాదేమో. బాబుకి రెండేళ్ళ తొమ్మిది నెలలప్పుడు ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్. వాళ్ళమ్మ మళ్ళీ కడుపుతో ఉంది, 31 వారాలు, నొప్పులు మొదలయ్యాయి. సర్కారు దవాఖానాలో డాక్టర్ బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథాసోన్ ఇంజెక్షన్ వేస్తామంటే, "స్టెరాయిడ్ అంట మేడం, నేను వద్దన్న, మీరే గద చెప్పిన్రు" అంది. గుండె జారిపోయింది నాకు. నేను ఆ ఇంటికి రెండేళ్ళు నేర్పిన పాఠం అది. స్టెరాయిడ్ అంటే విషం అన్నట్టే చెప్పాను, ఎంత, ఎప్పుడు, ఎన్నిరోజులు అనేది చెప్పలేదు. తప్పు నాది.

ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడాను. అప్పుడు చెప్పిందే కొంచెం వివరంగా ఇక్కడ రాస్తా, ఎందుకంటే ఈ మొత్తం సబ్జెక్ట్ అర్థమవ్వాలంటే మాయ (ప్లాసెంటా) దగ్గర ఏం జరుగుతుందో తెలియాలి. తల్లి రక్తంలో కార్టిసాల్ బిడ్డకంటే చాలా ఎక్కువ ఉంటుంది. అదంతా బిడ్డలోకి పోకుండా మాయలో లెవన్ బీటా హెచ్‌ఎస్‌డీ 2 అనే ఎంజైమ్ గుమ్మం దగ్గర కాపలా ఉంటుంది, కార్టిసాల్‌లో ఎక్కువ భాగాన్ని పనిచెయ్యని కార్టిసోన్‌గా మార్చేస్తుంది. ఎందుకంటే ఆ హార్మోన్ బిడ్డ ఒంట్లో కణాలకి "ఇక పెరగడం ఆపు, పక్వానికి రా" అని చెప్తుంది. నెలలు నిండేటప్పుడు ఆ మాట అవసరం, ఊపిరితిత్తులు తయారయ్యేది దానితోనే. ముందే, ఎక్కువగా వినపడితే బరువు తగ్గుతుంది, తర్వాత ఒత్తిడికి శరీరం ఎలా స్పందించాలనే సెట్టింగ్ కూడా మారొచ్చు. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్ ఆ కాపలాకి పెద్దగా దొరకవు, దాటి వెళ్ళిపోతాయి, కాబట్టే నెలలు నిండకుండా పుట్టబోయే బిడ్డకి వాటినే ఎంచుకుంటారు.

ఇది కనిపెట్టింది న్యూజిలాండ్‌లో. ఆక్లాండ్‌లో లిగిన్స్ అనే డాక్టర్ కాన్పు ఎలా మొదలవుతుందో తెలుసుకుందామని గర్భంలో ఉన్న గొర్రెపిల్లలకి స్టెరాయిడ్ ఇస్తే, బతకకూడనంత ముందుగా పుట్టిన పిల్లలు ఊపిరి తీసుకున్నాయి. 1969 లో అది రాశాడు, 1972 లో హౌవీతో కలిసి 282 మంది తల్లుల్లో ట్రయల్ ప్రచురించాడు. మనలాంటి దేశాల్లో పనిచేస్తుందా అనే అనుమానం చాలాకాలం ఉండేది, 2020 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇండియా, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియాల్లో 2,852 మంది తల్లులతో చేసిన ట్రయల్‌లో పుట్టిన 28 రోజుల్లో చనిపోయిన పిల్లలు డెక్సామెథాసోన్ వర్గంలో 19.6 శాతం, మందు లేని ఉత్తి సూది వేసిన వర్గంలో 23.5 శాతం. మన ప్రభుత్వం 2014 నుంచే 24 నుంచి 34 వారాల మధ్య ముందస్తు నొప్పులొస్తే ఇది ఇవ్వమంటోంది, పన్నెండు గంటలకొకటి, నాలుగు డోసులు, ఒక్కోటి 6 మిల్లీగ్రాములు.

ఆమెతో మాత్రం ఇంత చెప్పలేదు. "బాబుకి డెబ్బై ఐదు రోజులు ఆపకుండా పడింది తల్లీ, అవసరం లేకుండా పడింది. దీనికి రెండ్రోజులే, నాలుగు సూదులే, ఊపిరి కోసం" అన్నాను. వెనకాల నానమ్మ గొంతు వినపడింది, "మేడం చెప్తుంది గద, ఏపించుకో బిడ్డా" అని. నాలుగు డోసులూ పడ్డాయి. నాలుగో రోజు పాప పుట్టింది, 1.5 కిలోలు. రెండ్రోజులు సీపాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి ఇచ్చే మిషన్) మీద ఉంది, వెంటిలేటర్ అవసరం రాలేదు.

ఆ తర్వాత కంగారూ కేర్. తల్లికి బీపీ పెరిగి ఐసీయూలో ఉంటే మొదటి మూడ్రోజులు నానమ్మే జాకెట్ లోపల పాపని గుండెకి కట్టుకుని కూర్చుంది, రోజుకి పది పన్నెండు గంటలు. 2021 లో వచ్చిన ఐదు దేశాల ట్రయల్‌లో, కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లల్ని పుట్టిన వెంటనే ఇలా ఒంటికి కట్టుకుంటే 28 రోజుల్లో మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి, ఢిల్లీ సఫ్దర్‌జంగ్ హాస్పిటల్ కూడా అందులో ఉంది, తల్లి లేనప్పుడు ఇంట్లో ఇంకొకరు కట్టుకోవడం కూడా ఆ ట్రయల్‌లో భాగమే. ఒంటికి ఒళ్ళు తగలడం వల్ల స్ట్రెస్ వ్యవస్థకి ఏం జరుగుతుందో ఎలుకల్లో బాగా చూశారు. మాంట్రియల్‌లో మీనీ అనే శాస్త్రవేత్త బృందం 2004 లో చూపించింది ఇదే, తల్లి బాగా నాకి సాకిన పిల్లల మెదడులో, హిప్పోకాంపస్ అనే చోట, కార్టిసాల్ లాంటి హార్మోన్లని గుర్తుపట్టే రిసెప్టర్లు ఎక్కువ, ఆ జీన్ మీద దాన్ని అణచిపెట్టే మిథైల్ గుర్తులు తక్కువ, ఒత్తిడి వస్తే వాటికి హార్మోన్ త్వరగా సర్దుకుంటుంది. నాకని తల్లికి పుట్టిన పిల్లల్ని నాకే తల్లి దగ్గర పెడితే వాళ్ళూ అలాగే తయారయ్యారు. ట్యాంకు భాషలో చెప్తే ఆటోమేటిక్ స్విచ్ ఏ మట్టం దగ్గర ఆగాలో ఆ మొదటి రోజుల్లో సెట్ అవుతోంది.

ఇంకో వైపు కూడా చెప్పాలి, ఇది నాకు కోపం తెప్పించే విషయం. ఇప్పుడు కొన్నిచోట్ల నొప్పులు లేకపోయినా, కాన్పు దగ్గర్లో లేకపోయినా "ఎందుకైనా మంచిది" అని సూదులు వేసేస్తున్నారు. ముహూర్తం చూసుకుని 36, 37 వారాలకి ఆపరేషన్ పెట్టుకుని, దానికి ముందు స్టెరాయిడ్ ఇప్పించే కేసులు నా దగ్గరికే వస్తాయి, పాప పుట్టిన నాలుగు గంటలకి షుగర్ పడిపోయి. 34 నుంచి 36 వారాల్లో బీటామెథాసోన్ ఇచ్చిన అమెరికా ట్రయల్‌లో ఊపిరి ఇబ్బంది తగ్గింది నిజమే, కానీ పిల్లల్లో షుగర్ పడిపోవడం 15 శాతం నుంచి 24 శాతానికి పెరిగింది. ఫిన్లాండ్‌లో ఆరు లక్షల డెబ్బై వేల మంది పిల్లల రికార్డులు చూస్తే, గర్భంలో స్టెరాయిడ్ పడినవాళ్ళలో 12 శాతానికి తర్వాత మానసిక, ప్రవర్తన సమస్యలు నమోదయ్యాయి, పడనివాళ్ళలో ఆరున్నర శాతం. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో కూడా ఆ తేడా కనిపించింది, అంటే ఇంజెక్షన్ అవసరం పడకుండానే అందిన పిల్లలన్నమాట. ఇంజెక్షనే కారణమని ఆ రికార్డులు నిరూపించవు, ఆ తల్లులకి వేరే ఇబ్బందులు ఉండొచ్చు, అయినా ఊరికే వెయ్యకుండా ఉండటానికి ఆ అనుమానం చాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (2019-21) లెక్కల్లో తెలంగాణలో సిజేరియన్లు 60.7 శాతం. ముహూర్తం బాగుందని బిడ్డ పక్వాన్ని ముందుకి జరపకండి, అడుగుతున్నా.

అతిమధురం గురించి ఒక్క మాట, మనిళ్ళల్లో దగ్గుకి కషాయం పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి. దాంట్లో ఉండే గ్లిసిరైజిన్ పైన చెప్పిన మాయ కాపలా ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది. ఫిన్లాండ్‌లో అతిమధురం మిఠాయిలు బాగా తింటారు, గర్భంతో ఉండగా వారానికి 500 మిల్లీగ్రాములు దాటి గ్లిసిరైజిన్ తిన్న తల్లుల పిల్లలు తర్వాత తెలివితేటల పరీక్షల్లో వెనకబడ్డారు, వాళ్ళలో ఏకాగ్రత సమస్యలు ఎక్కువ కనిపించాయి. కడుపుతో ఉన్నవాళ్ళు రోజూ తాగే కషాయంలో అది వెయ్యకండి.

ఇప్పుడు బాబుకి ఆరేళ్ళు, ఎత్తు 113 సెంటీమీటర్లు, బీపీ 96/60, ఒకటో తరగతి. పాపకి మూడేళ్ళు, సన్నగా ఉంటుంది, మాటలు కొంచెం ఆలస్యంగా వచ్చినా ఇప్పుడు ఆగదు. వాళ్ళమ్మ వచ్చినప్పుడల్లా అడుగుతుంది, "పెద్దగైనంక వీళ్ళకు ఏమన్న అయితదా మేడం" అని. ఆక్లాండ్ ట్రయల్ పిల్లల్ని ముప్పై ఏళ్ళ వయసులో మళ్ళీ పిలిచి చూశారు, బీపీలో తేడా లేదు, షుగర్ జబ్బు ఎక్కువ లేదు, గ్లూకోజ్ తాగిన అరగంటకి ఇన్సులిన్ మాత్రం కొంచెం ఎక్కువ వచ్చింది. పాప గురించి ఆమెకి అదే చెప్పాను. బాబుది వేరే దారి, ఎక్కువ రోజుల డోసు, కాబట్టి ఏడాదికొకసారి బీపీ, నడుము కొలత, ఎత్తు చూస్తాను, పదేళ్ళు దాటాక షుగర్ చూస్తాను.

ఇంకొకటి కూడా చెప్పాను, మన దగ్గర జరిగిందే. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో 1987 నుంచి 1990 దాకా కొన్ని ఊళ్ళల్లో గర్భిణులకి, చిన్న పిల్లలకి అంగన్‌వాడీ తిండి అందింది, కొన్ని ఊళ్ళకి అప్పటికింకా రాలేదు. ఆ పిల్లల్ని 13 నుంచి 18 ఏళ్ళ వయసులో చూస్తే తిండి అందిన ఊళ్ళ వాళ్ళు 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు, ఇన్సులిన్‌ని ఒళ్ళు పట్టించుకోకపోవడం అనేది 20 శాతం తక్కువ, రక్తనాళాలు తక్కువ గట్టిపడ్డాయి. అదనంగా అందిన కొంచెం తిండి కూడా పదిహేనేళ్ళ తర్వాత ఒంట్లో కనపడింది. కాబట్టి రాగి జావ, గుడ్డు, నిద్ర, ఇంట్లో అరుపులు తక్కువ, ఇవి మందుల చీటీలో రాసినంత గట్టిగానే రాసిచ్చాను.

పోయిన వారం నానమ్మ ఒక్కతే వచ్చింది. వెంట వాళ్ళ వాడకట్టులో ఒక చిన్న అమ్మాయి, ఒళ్ళో రెండున్నర నెలల పాప. నానమ్మ కొంగు ముడి విప్పి ట్యూబ్ తీసి టేబుల్ మీద పెట్టింది. "గిది అదేనా కాదా సూడు మేడం, నాకు రంగు గుర్తుంది" అంది. అదే. పన్నెండు రోజులుగా పూస్తున్నారంట. పొడవు 58, పది వారాలకి బానే ఉంది, బీపీ బానే ఉంది. ట్యూబ్ మా డ్రాయర్‌లో పెట్టేసి కార్టిసాల్‌కి రక్తం పంపాం, ఆ సాయంత్రమే 7.9 అని వచ్చింది, గ్రంథి పనిచేస్తోంది.